మామ కలిపిన తీగె

మామ పోయిండని పొద్దున ఫోనొచ్చింది. జోగిపేటల నేను పాఠాలు చెప్పే బడికి తయారైతున్న. అత్త ఫోన్ పక్కింటామె చేతికిచ్చింది. "నిద్రల్నే పోయిండు బిడ్డా, ఏం బాధ పడలే" అన్నదామె. మంచి మాటనే చెప్పింది గని నా మనసుకు ఎక్కలే. మామ ఏండ్ల తరబడి ఒక బాధను మోసిండని ఆమెకేం తెలుసు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పటాన్‌చెరు, జిన్నారం దిక్కు టెలిఫోన్ లైన్‌మెన్. మా నాయన పోయినంక అమ్మను, నన్ను, తమ్మున్ని తన ఇంటి పక్కనే కిరాయికి పెట్టిండు. రొట్టెలు, ఇంత పచ్చడి సైకిల్ సంచిల పెట్టుకొని పోయేటోడు. ఎక్కడ స్తంభం ఎక్కి తీగె బాగు చేసినా, పని మంచిగైందో లేదో చూసేటందుకు ఇంటికే ఫోన్ చేసేది. నేను ఎత్తితే "ఏం కూర బిడ్డా?" అనేటోడు. చెప్పేలోపల పెట్టేసేటోడు. "నాకు నీ కూరతోని పని లేదు, నీ గొంతు వచ్చిందా లేదా అన్నదే కావాలె" అని నవ్వేది.

జిన్నారం దాటినంక ఒక ఊర్లె ఒకాయన ఉండె. మందుల ఫ్యాక్టరీల పని. గేటు కాడ రెండు యూనియన్లు కొట్లాడుకొని ఒకని తల పగిలితే, కేసుల ఈయన పేరు కూడ ఎక్కింది. జైల్లో పెట్టిండ్రు. ఇంట్ల చూస్తే తల్లి మంచం పట్టింది. ఆమెను చూసుకోవాలని జడ్జి బెయిలిచ్చిండు గని ఒక షరతు పెట్టిండు. పొద్దుమూకిన కాడికెల్లి తెల్లారేదాక ఆయన ఇల్లు కదలొద్దు. పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొస్తే ఆయనే ఎత్తి మాట్లాడాలె. ఎత్తకపోతే మళ్ల జైలుకే. గసుంటి షరతు మా దిక్కు అంతకుముందు ఎవ్వరు వినలే. ఫోన్ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసే రోజులవి. కోర్టు చెప్పిందని ఆయనింటికి జల్దీ వచ్చింది. ఆ ఇంటికి తీగె గుంజింది మామనే.

ఆ దినం మామ సంబరంగ వచ్చిండు. "ముసలామె నన్ను మంచం కాడికి పిలిచింది. ఇది మోగుతనే ఉంటదా కొడుకా, మోగకపోతే నా కొడుకును తీస్కపోతరట అన్నది. నేనున్న గద అవ్వా అని చెప్పొచ్చిన" అన్నడు.

వానకాలం వచ్చింది. ఒక ముసురుకు ఫ్యాక్టరీల లైన్లన్ని ఒక్కపారే పోయినయి. ముందు ఫ్యాక్టరీలే చూడాలని పైనుంచి ఆర్డర్. ఆ పగటిపూటనే ఆ ఇంటి కోడలు తడుసుకుంట వచ్చి మామ చేతులు పట్టుకున్నది.

"అన్నా, మా ఫోన్ల సప్పుడు లేదు. పొద్దుమూకేలోపల మీరు రావాలె."

"ఈ ఒక్క ఫ్యాక్టరీ చూసుకొని వస్త చెల్లె. నువ్వు పో" అన్నడు మామ.

ఆ ఒక్క ఫ్యాక్టరీ కాడనే పొద్దుమూకింది. ఒళ్లంత తడిసి, చలిజ్వరం పట్టింది. ఇంత వానకు ఫోన్లు పోతయని పోలీసోళ్లకు తెల్వదా, ఒక్క పూటకు ఏమైతదిలే అనుకొని మామ ఇంటికొచ్చిండు.

తెల్లారంగనే జ్వరంతోనే పోయిండు. ఆ ఊరి బయట వాగు ఒడ్డున స్తంభం మీద తీగె ఊడి ఉన్నది. ఎక్కి కలుపుతుండంగ కిందికెల్లి పోలీసు జీపు ఊర్లెకు పోయింది. జల్దీ జల్దీ కలిపిండు. దిగి సైకిలెక్కెటాల్లకు జీపు ఎదురొచ్చింది. వెనుక సీట్ల ఆయన కూసున్నడు.

ఇంటికి పోతే సంగతి తెలిసింది. ముందు రాత్రి స్టేషనోళ్లు ఫోన్ చేసిండ్రు. ఊర్ల దిక్కు తీగె ఊడినా, అటు చేసేటోనికి మోగుతున్నట్టే వినిపిస్తది. ఇంట్ల మనిషి లేడనే అనుకుంటరు. పొద్దున ఎస్సై వచ్చినప్పుడు ఆయన తల్లి పక్కకే ఉన్నడు. "ఫోన్ నిన్నటి సంది పని చేస్తలేదు సార్" అని మొగడు పెండ్లాలు ఇద్దరు మొక్కిండ్రు. ఎస్సై రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నడు. గుయ్యిమని సప్పుడొచ్చింది. మామ స్తంభం మీద అప్పుడే తీగె కలిపిండు.

"మంచిగనే ఉంది గదరా! నాకే అబద్ధాలు చెప్తవా?" అని ఆయనను ఎక్కించుకపోయిండు.

మామ అటునుంచి అటే స్టేషన్‌కు పోయిండు. పై అధికారికి రిపోర్టు పోయింది, ఇగ కోర్టుల చెప్పుకో అన్నరు. కోర్టుకు వరుస సెలవులొచ్చినయి. విచారణ దినం నాటికి మామ పై ఆఫీసరు పిలిచి, "వానకు లైన్ పోయిందని చెప్పు, చాలు. ఆమె వచ్చి చెప్పిన సంగతి ఎత్తకు. నీ నౌకరికే మోసమొస్తది" అన్నడట. అత్తకు భయమై, మామను ఒక్కన్నే పంపొద్దని నన్ను కూడ సంగారెడ్డి తోలింది. నేనప్పుడు కాలేజీల చదువుతున్న.

మామ బోనుల నిలబడ్డడు. "లైన్ పోయిన సంగతి నీకెప్పుడు తెలిసింది?" అని జడ్జి అడిగిండు.

"ముందు దినం పగలే తెలిసింది సార్. ఆమె నా చేతులు పట్టుకొని చెప్పింది. వస్తనని చెప్పి నేనే పోలే. ఆయన ఇంట్లనే ఉన్నడు సార్. తప్పు నాది."

జడ్జి మామ మాట రాసుకున్నడు. జైల్లున్నాయనకు మళ్ల బెయిలిచ్చిండు. మేము బస్సుల వస్తుంటే మామ జరిగిందంత నాకు చెప్పిండు. "నిన్నటి పని నిన్ననే చేస్తే మంచిగుండె బిడ్డా. లేకుంటే ఇంక జెర ఆలస్యంగ చేసినా మంచిగుండె. ఎప్పుడు చెయ్యొద్దో గప్పుడే చేసిన" అన్నడు. ఆ మాట తర్వాత ఎన్నడు అనలే.

పటాన్‌చెరుల దిగంగనే తెలిసింది, ఆ పొద్దున్నే ముసలామె పోయిందని. మామ నన్ను వెంటబెట్టుకొని ఆ ఊరికి పోయిండు. జైలుకు ఆర్డర్ చేరి కొడుకు వచ్చేసరికి తెల్లారుతదని, పొద్దుండంగనే ముసలామెను కాటికి తీసుకపోయిండ్రు. వాళ్ల పాలోళ్ల, దాయాదుల పిలగాడొకడు నిప్పు పెట్టిండు. కోడలు మామను చూసి ఏడ్వలే, తిట్టలే. "కొడుకేడి, కొడుకేడి అనుకుంటనే పోయింది అన్నా" అన్నది. అంతే. ఆ మాటకు తిట్టే నయమనిపించింది నాకు.

మామకు జీతం పెరుగుడు ఆపిండ్రు. దాని గురించి ఆయన ఒక్కమాటన్నది లేదు. ఆకాశం మబ్బు పట్టిందంటే చాలు, డ్యూటీ ఉన్నా లేకున్నా ఆ ఊరికి పోయి తీగె చూసొచ్చేటోడు. మామ వస్తే ఆ ముసలామె కొడుకు లేచి ఇంట్లకు పోయేటోడట. కేసు కొట్టేసినంక కూడ మామ పోవుడు ఆపలే. "ఇగ ఎందుకు పోతవ్?" అని అత్త అడిగితే, "వాళ్లు వద్దన్ననాడు బందు చేస్త" అనేది. వాళ్లు వద్దనలే.

ఫ్యాక్టరోళ్లు ఆ ఇంటాయనను మళ్ల పనిల పెట్టుకోలే. పటాన్‌చెరు హైవే మీద చాయ్ హోటల్ పెట్టిండు. రిటైరైనంక మామ రోజు పొద్దున అక్కడికి పోవుడు మొదలుపెట్టిండు. ఆయన చాయ్ తెచ్చి ముందర పెట్టేటోడు. మామ తాగి వచ్చేటోడు. ఇద్దరి నడుమ మాటలు తక్కువ.

ఒకనాడు నేను కూడ పోయిన. మామ చేతులు కడుక్కోను లేస్తే, ఉండబట్టలేక ఆయనను అడిగిన. "మా మామ మీద ఇంక కోపమున్నదా?"

ఆయన గ్లాసులు కడుగుతనే జవాబిచ్చిండు. "లేదని ఎట్ల చెప్త బిడ్డా. ఉన్నది. నా మీద కేసు పెట్టినోళ్లు, జీపెక్కిచ్చినోళ్లు, పనిలకెల్లి తీసినోళ్లు, ఎవ్వలన్న తప్పు మాది అన్నరా? మీ మామ ఒక్కడే అన్నడు. ఇగ కోపమైనా ఆయన మీదనే పెట్టుకోవాలె గద."

ఆ మాట నేను మామకు చెప్పలే. చెప్తే తేలికైతుండెనో, ఇంక బరువైతుండెనో నాకు ఇప్పటికీ తెల్వదు. చెప్తే బాగుండునేమోనని మొన్నటి సంది మనసుల తిరుగుతున్నది.

మొన్న మామను తీసుకపోయినప్పుడు ఆ హోటలాయన అందరి వెనుక నడిచొచ్చిండు. మామకు కొడుకుల్లేరని మా తమ్ముడే నిప్పు పెట్టిండు గని, కట్టెలు పచ్చివి, పొగ తప్ప మంట లేస్తలేదు. మబ్బు కమ్ముకొస్తున్నది. పెద్దలు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నరు. ఆయన రోడ్డు దిక్కు పోయిండు. జెర సేపటికి హోటల్‌ల పొయ్యిల పెట్టే ఎండు కట్టెలు ఆటోల ఏసుకొని వచ్చిండు. తమ్మున్ని అడిగి, ఒక్కొక్క కట్టె పచ్చి కట్టెల సందుల జాగ్రత్తగ దూర్చి, మోకాళ్ల మీద కూసొని ఊదుడు మొదలుపెట్టిండు. మంట లేసింది. మేమందరం స్నానాలకు కదిలినం. నేను వెనుకకు తిరిగి చూసిన. చినుకులు పడుతున్నయి. ఆయన తల మీది తువ్వాల తీసి నడుముకు కట్టుకొని, పొడుగు కట్టె ఒకటి చేతిల పట్టుకొని, మంట చుట్టు తిరుగుకుంట సదురుతున్నడు.