నొప్పి పుట్టలేదని చేసిన రభస

నొప్పి పుట్టలేదని డాక్టరు మీద విరుచుకుపడ్డ రోగిని మా నర్సీపట్నంలో ఎవరైనా చూశారా? చూసే ఉంటారు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఆ రోజు ఆసుపత్రి పైకప్పు లేవకపోవడం తాపీమేస్త్రి గొప్పతనం.

నా పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసెయ్యాలన్నారు. పరామర్శకి కోటవురట్ల నుంచి మా అక్క మొగుడు దిగాడు. వెనకటికి ఆయనకీ ఇదే ఆపరేషన్, పొట్ట బారెడు కోసి చేశారు. ఆ కోత గురించి యుద్ధం గెలిచొచ్చినవాడిలా చెబుతాడు.

"ఏటోయ్ బామ్మర్దీ, నువ్వు తట్టుకోలేవు. కోసిన రోజు దీపాలెట్టేలోగా అమ్మా అని అరుస్తావు."

"అరిస్తే నా మీసం తీసేస్తాను బావా. అరవకపోతే నీది తీసెయ్యి!"

బావ మీసమంటే సామాన్యం కాదు. రెండు తేళ్ళు ఎదురెదురుగా పడుకున్నట్టుంటుంది.

ఆపరేషన్ అయింది. కళ్ళు తెరిచాను. నొప్పి లేదు! పొట్ట మీద చిన్న చిన్న ప్లాస్టర్లు, అంతే. బడి మొహం చూడకుండా సొంతంగా చదువుకున్న బుర్ర కదా, చటుక్కున తేల్చేసింది: వీళ్ళు నన్ను కొయ్యలేదు. కొయ్యనప్పుడు అరవకపోతే బావ ఒప్పుకుంటాడా? నా గెలుపు గంగపాలు!

"మోసం! నాకు ఆపరేషన్ సెయ్యనేలేదు!"

మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఏటండీ ఈ అల్లరి? సీసాలో మీ రాళ్ళు నాకు సూపించినారండీ!"

"ఎవరి రాళ్ళో! వాటి మీద నా పేరుందేటి?"

డాక్టరమ్మ వచ్చింది. "పొద్దునే చెప్పాను కదండీ, కోసిన చోటల్లా తిమ్మిరి మందు వేస్తాను, లేచాక కొన్ని గంటలు నొప్పి పెద్దగా తెలియదని."

"ఎప్పుడు సెప్పేరు?"

"పిత్తాశయం ఎక్కడుంటుందో మీరు నాకు పాఠం చెబుతున్నప్పుడు."

వార్డంతా నవ్వింది. నేను మాత్రం మహారాజులా మంచం పక్కనున్న బావ వైపు తిరిగాను. కోసినట్టు సాక్ష్యం దొరికింది కదా!

"గెలిసింది మందు, నువ్వు కాదు," అన్నాడు బావ. "అయినా ఇందాక అరిసినావు!"

"మోసం అని అరిసాను. అమ్మా అన్నానా?"

డాక్టరమ్మ నా పక్షానే తీర్పు చెప్పింది. దీపాలు పెట్టారు. బావ మంగలి షాపుకెళ్ళి తిరిగొచ్చాడు. ఆ ముఖం, పొట్టు ఒలిచిన పనసగింజ! నవ్వు తన్నుకొచ్చింది. సరిగ్గా అప్పటికి మందు దిగిపోయింది, నవ్వుకి కుట్లు చురుక్కుమన్నాయి.

"అమ్మా!"

"అదిగో, అరిసినాడు! తియ్యి మీసం!"

"దీపాలెట్టేసినారు బావా!"

మీ అందరి సాక్షిగా, ఇప్పటికీ నిక్కపొడుచుకుని ఉన్న నా మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పొట్టకి కుట్లున్నంతకాలం, ఎంత ఘనంగా గెలిచినా సరే, ఓడినవాడి ముఖం చూడను.