తువ్వాలు కింద పాఠం

ఎమ్మిగనూరు బస్సు దుమ్ము సాక్షిగా చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

మే నెల. ఎమ్మిగనూరులో సెలవులకు మూసిన బడి ఒకటి తెరిచి, ఎమ్మెస్సీ చదివే పిల్లలకు పది దినాల వేసవి పాఠశాల పెట్టినారు. విద్య పేరు సమాచార సిద్ధాంతం. పంపిన మాట దారిలో చెడినా అవతలివాడు సరిగ్గా పట్టుకునేదెట్లా అన్న లెక్క. నేను పత్తి దళారిని, నాకెందుకీ గోల? మా వీధిలో దూదేకే ఇమాం సాబు కొడుకు బాషా అందులో చదువుతున్నాడు. ఆదివారం ఇంటికొచ్చి, ఆఖరి దినానికి తోడు రమ్మన్నాడు.

మా ఆదోనిలో పొద్దున ఆరున్నర బస్సెక్కినాము. టికెట్టు పది అణాలు. పొద్దున పోయేవాళ్ళు ఎడమ పక్క కూర్చోండి, కుడి పక్క ఎండ కాల్చేస్తుంది.

బాషా మొగం వాడిపోయి ఉంది. "ప్రతివాడూ సొంత ఊరి నుంచి ఒక ఉదాహరణ చెప్పాలంట మామా. బాగా చెప్పినవానికి బెంగుళూరులో పరిశోధన సీటు. నాకాడ దూది తప్ప ఏముంది?"

"దూది యాడుంటే బేరం ఆడుంటుంది గదప్పా," అన్నాను.

మా పత్తి మండీలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పి, దాని కింద అవతలివాని వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత.

"మన మండీ వ్యాపారి ఖాదర్ సాబుకు పత్తి గింజ తీసే జిన్నింగు మిషన్లో ఒక వేలు పోయింది గదా. ఆయన చెయ్యి పడితే నాలుగు మూడవుతుంది. అందుకని అంకె బేసైతే మణికట్టు ఒకసారి నొక్కుతారు, సరైతే నొక్కరు. వేళ్ళకూ నొక్కుడుకూ పొత్తు కుదరకుంటే బేరం మళ్ళా మొదలు," అని చెప్పినాను.

తువ్వాలు నిజం, వేళ్ళు నిజం. ఆ నొక్కుడు మాత్రం అప్పుడే బస్సులో పుట్టింది. కానీ బాషా కాగితం తీసి గబగబా రాసుకుంటాంటే, అది గాలికి ఎగరకుండా నేనే పట్టుకున్నాను.

ముందు సీటు అవ్వ వెనక్కి తిరిగి, "ఏం కథ చెప్తివి నాయనా, ఊరొచ్చింది కూడా తెలీలే," అనింది.

ఎనిమిదికి దిగినాము. బస్సు ఆగే చోటికి ఎదురుగా హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి. తినకుండా పోవద్దు.

బడిలో పన్నెండుమంది పిల్లలు, ఒక నల్లబల్ల, బెంగుళూరు మేష్టరు. పక్క వీధి మగ్గాల చప్పుడు గదంతా నిండింది. ఆయన కిటికీలు మూయించలేదు సరికదా, బార్లా తెరిపించినారు. "ఆ చప్పుడే మన పాఠం," అని వెనక వరుసవాళ్ళ చేత మెల్లగా మాట్లాడించి, ముందు వరుసకు ఎన్ని మాటలు చేరినాయో లెక్క కట్టించినారు. చప్పుడుకు అరవడమే మందని ఇన్నేండ్లూ అనుకున్నాను నేను.

బాషా లేచి నా నొక్కుడును సున్నాలుగా, ఒకట్లుగా నల్లబల్ల మీద పరిచినాడు. ఒక తప్పు దొర్లితే దొరికిపోతుందని, రెండు దొర్లితే దాటిపోతుందని వాడే తేల్చినాడు. నా అబద్ధంలో అంత సరుకుందని నాకే తెలీదు.

మేష్టరు సుద్దముక్క కింద పెట్టినారు. "ఒంటిగంట బస్సుకు ఆదోని పోదాం. మండీ చూసినాకే సీటు సంగతి."

తిరుగు బస్సులో నా చొక్కా తడిసింది ఎండకు కాదు.

మూడు గంటలకు ఖాదర్ సాబు పత్తి మూటల పక్కన కూర్చుని ఉన్నాడు. నోరు విప్పితే గుట్టు పోతుంది. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, మూడు వేళ్ళు పట్టి మణికట్టు నొక్కినాను. ఆయన కనుబొమ్మ లేచింది. రెండు పట్టి ఊరకున్నాను. ఒకటి పట్టి నొక్కినాను. ఆయన నా వేళ్ళు మూడు పట్టి, తానే నొక్కినాడు.

మాట చేరింది.

"నేను పట్టవచ్చునా?" అని మేష్టరు చెయ్యి దూర్చినారు.

ఖాదర్ సాబు తల అడ్డంగా ఊపినాడు. "సామీ, మూడు పట్టినావు, నొక్కలే. వేలు తప్పో, మనసు తప్పో. మళ్ళా పట్టు."

మేష్టరు నవ్వి, నన్ను పక్కకు పిలిచినారు. "ఈ నొక్కుడు మీ కల్పనేమోనని బాషా వచ్చేటప్పుడు బస్సులోనే చెప్పినాడు. మండీలో ఎన్నడూ వినలేదంట. సీటు పోయినా సరే, దాచలేనన్నాడు. కథ మీది, లెక్క వానిది. సీటు లెక్కకే."

ఇంటికి నడుస్తూ బాషా, "కోపమా మామా?" అని అడిగినాడు.

"నిజం చెప్పి గెలిచినవాణ్ణి ఇప్పుడే చూస్తాండాను, ఉండప్పా," అన్నాను.

మొదట ఒట్టు వేసినాను గనక ఒక్క సవరణ. ఖాదర్ సాబు వేళ్ళు పదీ భద్రంగా ఉన్నాయి. ఇరవై ఏండ్లుగా వేలు తక్కువైన ఒక చేతిని పట్టి బేరమాడతాండాడు గనకే ఆ నొక్కుడెందుకో ఆయనకు అంత తొందరగా తెలిసింది. మిషన్లో వేలు పోయింది, ఇది రాస్తాండే చేతికి.