స్విచ్ దగ్గర మనిషి

ఆదివారం పూట మా ఇంట్లో వినిపించే గొంతు ఒక్కటే, బట్టలు తిరగడం అయిపోయాక వాషింగ్ మెషీన్ కొట్టే బజ్జరు. మా ఆవిడ పోయాక గుడివాడలో ఈ అద్దె ఇల్లు నాకు మరీ పెద్దదైపోయింది. మిగతా రోజుల్లో ఫరవాలేదు, బస్సెక్కి గుడ్లవల్లేరు వెళ్ళి ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లల ముందు గొంతు చించుకుంటాను. ఆదివారం మాత్రం పొద్దున్నే పాలాయనతో "ఒక్క ప్యాకెట్ చాలు" అన్నాక మళ్ళీ నోరు తెరిచే పనే ఉండదు. అందుకే వారం బట్టలన్నీ ఆదివారానికే అట్టేపెడతాను. పెరటి వరండాలో ఆ పాత మెషీన్ గడగడలాడుతుంటే ఇంట్లో ఇంకెవరో పని చేసుకుంటున్నట్టు ఉంటుంది.

ఒక ఆదివారం టైమరు తిప్పితే గడగడ లేదు, సన్నటి మూలుగు ఒక్కటే. లోపలి చక్రం కదల్లేదు. వెంటనే ఆపేశాను. మోటారు తిరక్కుండా అలా మూలుగుతూ ఉంటే లోపలి రాగితీగ చుట్ట కాలిపోతుంది. ఎలక్ట్రికల్ లెక్చరర్ని, ఏటా పిల్లలకి చెప్పేదే. మెకానిక్‌ని పిలుద్దామంటే పౌరుషం అడ్డొచ్చింది.

ప్లగ్గు పీకేసి, బట్టలన్నీ బకెట్లోకి తీసి, నీళ్ళు వదిలేసి, మెషీన్ని గోడ నుంచి జరిపి వెనక రేకు విప్పాను. తుప్పు పట్టిన స్క్రూలు రామని మొండికేశాయి. లోపల దుమ్ము, ఎప్పుడో ఊడిన చొక్కా గుండీ, మా ఆవిడ జడపిన్ను. ఆ పిన్ను చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. చూసేవాళ్ళు లేకపోవడంలో ఆ ఒక్క సుఖం ఉంది. పిన్ను చొక్కా జేబులో వేసుకుని మళ్ళీ పనిలో పడ్డాను.

బెల్టు తెగలేదు. పుల్లీని చేత్తో తిప్పితే సాఫీగానే తిరిగింది, కాబట్టి ఎక్కడా బిగుసుకోలేదు. కాలిన వాసనా లేదు. మిగిలింది కెపాసిటరు, మోటారు మొదలవడానికి తోపు ఇచ్చే చిన్న డబ్బా. దోషం దానిదేనా అని తేల్చుకోవడానికి ఒక తేలిక ఉపాయం ఉంది. కరెంటు లేనప్పుడు పుల్లీని చేత్తో గట్టిగా తిప్పి వదిలెయ్యాలి. చెయ్యి తీసేశాక, అది ఆగేలోపు స్విచ్ వెయ్యాలి. ఆ ఊపుకి మోటారు అందుకుంటే పాడైంది కెపాసిటరే.

చెప్పడానికి తేలికే. పుల్లీ వరండాలో, స్విచ్ వంటింట్లో. ప్లగ్గు పెట్టి, స్విచ్ ఆపే ఉంచి, టైమరు తిప్పి, పుల్లీని ఒక్క ఊపు ఊపి పరిగెత్తాను. నేను చేరేసరికి అది ఆగిపోయింది. మళ్ళీ ఊపాను, మళ్ళీ పరిగెత్తాను, గడపకి బొటనవేలు కొట్టుకుంది. యాభై దాటిన మనిషిని, లుంగీ ఎగ్గట్టుకుని నా ఇంట్లో నేనే పరుగుపందెం. ఆ గడప మీదే కూలబడ్డాను. మా ఆవిడ ఉంటే స్విచ్ దగ్గర నిలబడి "వెయ్యనా? వెయ్యనా?" అని ప్రాణం తీసేది. నేను విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అడిగే మనిషి లేక మెషీన్ ఆగిపోయింది.

ఎదురింట్లో రిటైరైన బస్సు కండక్టరు ఉంటారు. దివిసీమ మనిషి, అవనిగడ్డ రూటులో ఏళ్ళ తరబడి టిక్కెట్లు కొట్టారు. వాళ్ళావిడ మనవడి కోసం ఘంటసాలలో కూతురి దగ్గరే ఉంటున్నారు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, మాది పంతుళ్ళ కుటుంబం, ఏ చుట్టరికమూ లేదు. అయినా నేను ఆ వీధిలో దిగిన రోజే ఆయన నన్ను "బావగారూ" అన్నారు. నేనే నమస్కారం దాటి ముందుకెళ్ళలేదు. ఆయన చర్చి నుంచి వచ్చి తాళం తీస్తుంటే గేటు దగ్గరికి వెళ్ళాను.

"బావగారూ, ఒక్క నిమిషం వచ్చి స్విచ్ వేస్తారా?"

"స్విచ్ వెయ్యడానిక్కూడా మనిషి కావాలాండీ? కరెంటు పాఠాలు చెప్పేది మీరే కదా!" అంటూనే వచ్చి వంటింట్లో నిలబడ్డారు.

పుల్లీ ఊపి, చెయ్యి తీసి, "వెయ్యండి, వెయ్యండి!" అని అరిచాను. ఏమీ జరగలేదు. పుల్లీ ఆగిపోయింది.

"ఏంటండీ, వెయ్యలేదు?"

"మీరు రైట్ అనలేదుగా! వెయ్యాలంటే రైట్ అనండి, ఆపాలంటే హోల్డాన్ అనండి. ఇంకేమన్నా నాకు చెయ్యి ఆడదు బావగారూ, సర్వీసంతా అదే అలవాటు."

మళ్ళీ ఊపి, చెయ్యి తీసి, "రైట్!" అన్నాను. మోటారు అందుకుంది. వరండా అంతా గడగడ. నవ్వొచ్చింది. ఇంట్లో నేను పైకి నవ్వి ఎన్నాళ్ళయిందో.

రేకు బిగించలేదు, బిగిస్తే పుల్లీ అందదు. అలాగే నీళ్ళు నింపి బట్టలు వేశాం. ఆపినప్పుడల్లా మళ్ళీ ఊపాలి కాబట్టి ఆయన ఉతుకంతా అయ్యేదాకా ఉండిపోయారు. కాఫీ తాగుతూ, వానాకాలంలో చల్లపల్లి దాటాక నీళ్ళలో ఆగిపోయిన బస్సుని పెళ్ళివారి చేత తోయించిన కథ చెప్పారు. అందులో సగం కోతలే. బజ్జరు మోగింది, మేం మాట్లాడుకుంటూ పట్టించుకోలేదు.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ బజారులో అదే నంబరు కెపాసిటరు కొన్నాను. బిగించడం ఐదు నిమిషాల పని. వంటింటి అలమరలో పంచదార డబ్బా వెనక పెట్టాను. ఈ సాయంత్రం బిగిద్దాం, రేపు బిగిద్దాం అనుకున్నాను. బిగిస్తే ఆయన మా గడప తొక్కడానికి ఇంకేం పని ఉంటుంది? ఆదివారం వచ్చింది. "బావగారూ, బండి కదిలిద్దామా?" అని గేటు దగ్గర కేక. ఆ తర్వాతి ఆదివారాలు కూడా అలాగే గడిచాయి.

మొన్న ఆయన, "ఇవాళ కాఫీ నేను కలుపుతానండీ," అని అలమర తెరిచారు. నేను వరండాలోంచి లేచి వెళ్ళేసరికి కొత్త కెపాసిటరు ఆయన చేతిలో ఉంది. పాతది మెషీన్లో ఎలా ఉంటుందో ఆయన ప్రతివారం చూస్తున్నదే.

"కొని చాలా రోజులైందండీ," అన్నాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత పంచదార డబ్బా వెనక, నేను పెట్టినచోటికంటే ఇంకా లోపలికి తోసి, అలమర మూసేశారు. వెళ్ళి స్విచ్ మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు.

"చెప్పండి బావగారూ," అన్నారు.

నేను వరండాలోకి వెళ్ళి పుల్లీ ఊపాను. రైట్ అనడం మర్చిపోయాను, ఆ ఊపు వృథా అయిపోయింది. ఆయన స్విచ్ మీంచి వేలు తియ్యలేదు. ఇంకోసారి ఊపి, చెయ్యి తీసి, "రైట్!" అన్నాను.