గంప మీద రాయి

ఆ రోజుల్లో మా కొత్తపేట వైపు ఎండలు ముదిరే వేళకి కాలవలు కట్టేసేవారు. పైనుంచి నీళ్లు ఆపేస్తే నాలుగు రోజుల్లో కాలవ అడుగు బయటపడేది. లాకుల దిగువన మడుగులో మాత్రం నడుంలోతు నీళ్లు మిగిలేవి. కాలవలో చేపలన్నీ ఆ మడుగులోకి చేరేవి, వాటికోసం ఊరంతా గట్టుమీదికి చేరేది. తలుచుకుంటే ఎవరికైనా ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. దేవుడి దయవల్ల నాకు ఏ లోటూ లేదు, ఎవరిమీదా పగ లేదు, పొద్దున్నే లేచి ఒక్కో మేలూ పేరుపేరునా తలుచుకుని స్తోత్రం చెప్పుకునే మనిషిని. కానీ ఆ కొర్రమీను దగ్గరికొచ్చేసరికి... సరే, మొదట్నించీ చెబుతాను.

మా నాన్నకి ఒక తమ్ముడు. గేలం వెయ్యడంలో తనంత మొనగాడు పలివెల నుంచి ఆలమూరు దాకా లేడని మా బాబాయి నమ్మకం. (పలివెల నుంచి ఆలమూరు దాకా ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు.) మడుగులో గుర్రపుడెక్క కింద ఒక ముసలి కొర్రమీను ఉందనీ, అది తనకోసమే కాచుక్కూచుందనీ మూడేళ్లుగా చెబుతున్నాడు. మూడేళ్లుగా అదీ కాచుక్కూచుంది, ఈయనా కాచుక్కూచున్నాడు. ఆ ఏడు ఈస్టరు పండక్కి ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంట్లో భోజనం. నలభై రోజులు నీచు ముట్టని ఇల్లు మాది, ఆ వేళైనా కొర్రమీను పులుసు పెట్టాలని అమ్మ ఆశ. నా ఆశ వేరు. భోజనానికి ముందు పాస్టరుగారు, వంటకి సరుకు ఎవరు తెస్తే వాళ్ల తలమీద చెయ్యివేసి, పేరుపెట్టి ప్రార్థన చేసేవారు. నేను బడికెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం వచ్చేదని ఇంట్లోనే ఉంచేసేరు, నాన్నమ్మే బైబిలు ముందేసుకుని చదువు చెప్పింది. హాజరుపట్టీలో కూడా నా పేరు పిలిచేవాళ్లు లేరు. పదకొండేళ్లకి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఎవరైనా నలుగురిలో నా పేరు పైకి చెప్పాలని ఉండేది.

శనివారం బాబాయి వెనకాల గట్టుకి వెళ్లేను. ఆయన కప్పపిల్లని గేలానికి గుచ్చి, కర్ర నా చేతికిచ్చి, "లాగితే నన్ను లేపే" అని కొబ్బరిచెట్టు నీడన తువ్వాలు మొహంమీద కప్పుకున్నాడు. నేను నాన్నమ్మ చెప్పినట్టు కప్పపిల్లని నీళ్లలో ముంచకుండా, డెక్క పక్కనే పైపైన ఆడించేను. ఒక్క ఉదుటున నీళ్లు పగిలేయి! "బాబాయ్! బాబాయ్!" అని అరుస్తున్నాను, ఆయన గుర్రు పెడుతూనే ఉన్నాడు. కర్ర భుజానేసుకుని వెనక్కి తిరిగి గట్టెక్కి పరిగెట్టేను. చేప గట్టుమీద పడి ఎగురుతుంటే, నాకేం తోచక దాని మీద కూచున్నాను. గౌనంతా బురద, జిగురు. అప్పుడు లేచేడు మహానుభావుడు.

"ఓర్నాయనో! రెండు కేజీలుంటుందే! లే, లే, నలిపేస్తావు."

"నేనే పట్టేను బాబాయ్."

"ఆయ్, నువ్వే. కర్ర ఎవరిది? కప్ప ఎవరిది? నువ్వు పట్టుకుని కూచున్నావంతే."

సైకిలు హేండిలుకి చేపని వేలాడదీసి వీధంతా ఊరేగించేడు. "ఎవరు పట్టేరండీ?" అంటే "నేనేనండి, మూడేళ్ల పగండి!" అంటున్నాడు. వెనక సీటు మీద నుంచి "నేను, నేను!" అని నేను అరుస్తుంటే అందరూ నవ్వేరు. "ఆడపిల్ల పట్టిందంటే నమ్ముతారేటే? నన్ను కూడా వెటకారం చేస్తారు" అన్నాడు మెల్లిగా. అమ్మకి చెబితే, "ఎవరు పడితే ఏం, పులుసు ఒకటే కదా" అంది. ఆ రాత్రి ప్రార్థనలో నోటికి స్తోత్రం రాలేదు, పళ్లు కొరుక్కున్నాను.

కొర్రమీను నీళ్లుంటే ఎన్నాళ్లైనా బతుకుతుంది గాని, ఎగిరి పారిపోతుంది. అందుకని బాబాయి దాన్ని పెరట్లో నీళ్ల గాబులో వేసి, పైన గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టేడు. ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళకి మా బాబాయి లేచి నించున్నాడు. "నిన్న మోకరించి ప్రార్థన చేసుకుని గేలం వేసేనండి. ప్రభువు నాకు దయచేసేడండి" అన్నాడు. మోకరించి! పది ఆజ్ఞలూ అంకెల కన్నా ముందు నేర్చుకున్నదాన్ని, నా చెవుల్లో ఆవిర్లు వచ్చేయి. కడుపునెప్పని చెప్పి ఇంటికి పరిగెట్టేను. చేపని తడి గోనెసంచిలో చుట్టి, మా పెరటివెనక గట్టు దిగి, మడుగులో వదిలేసేను. (పునరుత్థాన దినం కదా, దానికి మాత్రం ఎందుకుండకూడదు?) తిరిగొచ్చి, బుద్ధిమంతురాలిని కనుక, గంప బోర్లించి, రాయిని మళ్లీ దాని చోట పెట్టి, చేతులు కడుక్కున్నాను.

పాస్టరుగారు అరుగుమీద కూచున్నారు. అమ్మ మసాలా నూరుతోంది. బాబాయి కత్తిపీట పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే నేనూ వెనకే వెళ్లేను, ఆయన మొహం చూడాలని. రాయి తీసేడు, గంప ఎత్తేడు. గాబులో నీళ్లు తప్ప ఏం లేవు. చాలాసేపు గాబులోకి చూసేడు. తర్వాత చేతిలో రాయి చూసేడు. తర్వాత నన్ను చూసేడు. ఎగిరిపోయిన చేప రాయిని మళ్లీ పెట్టి వెళ్లదని నాకు అప్పుడు తెలిసింది. మా నాన్న చేతిలో తాటిమట్ట నాకు కొత్త కాదు.

బాబాయి గంపని కాలితో దూరంగా తన్నేడు, రాయిని మందారం మొక్కలోకి దొర్లించేడు, అప్పుడు గొంతెత్తి, "అయ్యో వదినా! గంప తోసుకుని ఎగిరిపోయింది! రాయి పెట్టడం మర్చిపోయేనే!" అన్నాడు.

అమ్మ చేత నాలుగు తిట్లు, నాన్న చేత పది తిట్లు తిన్నాడు. అందరం ముద్దపప్పు, ఆవకాయ ముందు కూచున్నాం. పాస్టరుగారికి జాలేసి, "పాపం, ఎంత ఆశపడ్డావో" అంటూ మా బాబాయి తలమీద చెయ్యివేసి, పేరుపెట్టి, బోలెడంతసేపు ప్రార్థన చేసేరు. చూసేరా! చేప లేకపోయినా ప్రార్థన ఆయనకే. ఒక కన్ను తెరిచి చూస్తే, బాబాయీ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. అంత కోపంలో ఆ మనిషికి థ్యాంక్స్ చెప్పవలసి రావడం కన్నా అన్యాయం ఉంటుందా? చెప్పలేదు.

ఇప్పుడు బాబాయికి కళ్లు సరిగా ఆనవు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కొర్రమీను కథ మొదలెడతాడు, అది ఇప్పటికి నాలుగు కేజీలైంది. కథ చివర ఆగి, నేనున్న వైపు తల తిప్పుతాడు. నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఆయ్, మా బాబాయే పట్టేరండి" అంటాను వచ్చినవాళ్లతో. పొద్దున్న ప్రార్థనలో మాత్రం ప్రభువుకి నిజం చెప్పేస్తాను: చేప నాది, రాయి బాబాయిది.