సీలు తీసిన సీసా

రాజీ భోజనం మా ఇంట్లోనే అని తేలగానే, ఎంతమందికి వండాలని అడిగాను. ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్న పెద్దమనిషి ఒకాయన ఇరువైపులా తిరిగి, గడ్డాలు పట్టుకుని కుదిర్చిన మాట అది. జమ్మలమడుగు పక్కన మా పల్లెలో రెండు పార్టీలు. ఒకదానికి మా ఇంటాయన పెద్ద, ఇంకోదానికి ఆయనకు వరసకు బావ. ఆ పొద్దు ఇద్దరూ కలిసి తిని లేస్తే, మా ఆయన వెంట నలుగురు లేకుండా చేనికి పోగలడు. నాకు కావలసింది అంతే.

మా తమ్ముడు దుబాయి నుంచి రెండు స్కాచ్ సీసాలు తెచ్చాడు. పొద్దున్నే వంటింట్లో కూర్చుని నాకు పాఠం మొదలుపెట్టాడు. స్కాట్లాండు దేశంలో కాచి, కట్టె పీపాల్లో ఏండ్లు నిలవబెడితేనే స్కాచ్ అంటారంట. పలు బట్టీల సరుకు కలిపితే బ్లెండెడ్, ఒకే బట్టీలో బార్లీతో కాచింది సింగిల్ మాల్టు. రెండో సీసా అదే. బురద నేలలో తవ్విన మట్టిపెళ్ళలు కాల్చి, ఆ పొగకు బార్లీని ఆరబెడతారని చెప్పాడు.

"పొగ వాసన యాడన్నా ఇంపుగా ఉంటాదా?" అన్నాను.

"చూస్తావా అక్కా?"

"తియ్ మరి."

సీలు చించి, చెంచాలో రెండు చుక్కలు పోశాడు. నాలుక కొనకు తగిలించుకున్నాను. మొదట ఆసుపత్రి వాసన, ఆ వెనక పొయ్యి పొగ, చివర ఎక్కడో తేనె.

"ఏందక్కా, మూతి అట్ల పెడతాండావు? సారా గొంతు కాలుస్తాది. ఇది నిదానంగా మాట్లాడతాది."

ఇద్దరం నవ్వుకున్నాం. మూత బిగించి, వాడు ఐసు కోసం జమ్మలమడుగుకు పోయాడు.

ఆ రోజుల్లో ఎదుటి పార్టీ ఇంటికి వచ్చినవాళ్ళు సోడా కూడా కళ్ళముందు కొట్టిస్తేనే తాగేవాళ్ళు. అన్నం ఒకే గిన్నెలోంచి, ముందు ఇంటివాడు తిన్నాకే. ఆ పద్ధతి నాకు తెలుసు. కూరలకు పాటించాను కూడా. సీసా సంగతి మాత్రం తట్టలేదు.

మధ్యాహ్నం బావ వచ్చాడు. మాంసం బాగుందన్నాడు. నవ్వుతూ, "సారా ప్యాకెట్టు పల్లుతో కొరికి తాగేటోళ్ళం. దీనికి ఇంత పూజ ఏందప్పా!" అన్నాడు. మా ఆయన ఖరీదైనదని ఆ రెండోదే తీసి ఆయన చేతికిచ్చాడు. బావ మూత దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. మూత తిప్పి వాసన చూశాడు.

"పత్తికి కొట్టే పురుగుల మందు వాసన వస్తాంది, బామ్మర్దీ. సీలు ఎవురు తీసినారు?"

మా ఆయనకు తెలియదు. తెలియదనే అన్నాడు. ఆ మాట ఇంకా చెడ్డదయింది.

నేను తలుపు వెనకే ఉన్నాను. "నేనే తీయించినా, రుచి చూసినా, ఇదిగో" అని ముందుకొచ్చి ఒక గుక్క తాగుంటే అయిపోయేది. అంతమంది మగవాళ్ళ ముందర ఆడది విస్కీ నాకిందని చెప్పడానికి సిగ్గేసింది. మా ఆయన పరువు పోతుందనుకున్నాను. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

బావ కోపపడలేదు. సీసా మెల్లగా కింద పెట్టి, "కడుపు నిండింది, పోయొస్తా" అని లేచాడు. అంగడి పెద్దమనిషి వెంట పరిగెత్తాడు గాని బావ జీపు ఆపలేదు. తమ్ముడు ఐసుతో వచ్చేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నాం.

శనక్కాయ పీకే రోజుల్లో మా వైపు వాళ్ళు బావను చంపారు. ఏడాది తిరక్కముందే వాళ్ళు మా ఆయన్ను. సీలు తీయించింది నేనని ఆయనకు చెప్పనే లేదు, తమ్ముణ్ణీ చెప్పనివ్వలేదు.

శానా ఏండ్లకు పులివెందులలో ఒక పెండ్లిలో బావ భార్య నా పక్కన కూర్చుంది. ఆమెకు అంతా చెప్పాను. చెంచా సంగతితో సహా. ఆమె వింటూ విస్తరాకు అంచు మడుస్తూ ఉంది.

"ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే, మా ఆయన నవ్వి నీ చేత ఇంకో గుక్క తాగించేటోడు, మే" అంది.

నిజమే. ఆయన అలాంటి మనిషే.