గరాజులో మగపెళ్లివారు

నేను చెప్తంటే మా కోడలు ఫోన్లో కొడతంది. నాకు రాయటం రాదు. తెలుగైతే కూడబలుక్కుని చదువుతా, ఇంగ్లీషు నా కంటికి బొమ్మే.

మేముండేది పరదేశంలో, టార్నీట్ అనే ఊళ్లో. మా అబ్బాయి ఆఫీసుకి పోతాడు, కోడలు యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదివింది. అంటే ఏంటే అని మొదట్లో అడిగితే, "పెరుగు డబ్బా మీద బొమ్మ ఉంటదిగా అత్తయ్యా, అదెవరో ఒకరు వెయ్యాలిగా" అంది. ఓస్, ఇంతేనా అనుకున్నా. తర్వాత చూస్తే ఒక్క డబ్బా కోసం నీలాలన్నీ పరుచుక్కూర్చునేది. అన్నీ నీలమేగా అంటే నా వంక జాలిగా చూసేది.

ఆ చదువులో ఒక తంతు ఉంది. ఎవరు వేసింది వాళ్లు గోడకి తగిలించి పక్కన నిలబడాలంట. తోటిపిల్లలూ మేస్టర్లూ చుట్టూ చేరి తప్పులు చెప్తారంట. క్రిట్ అంటారంట దాన్ని. మొదటిసారి మా పిల్ల మధ్యలోనే ఏడ్చుకుంటా వచ్చేసింది. ఆ తర్వాతసారి తప్పు చెప్పినాయనతో పోట్లాటేసుకుంది. ఆ మీదట కడుపునొప్పని పడుకుంది.

చదువు అయిపోవచ్చేసరికి సిటీలో ఒక స్టూడియో వాళ్లు నీ పని చూస్తాం, నచ్చితే తీసుకుంటాం అన్నారు. ఆ చూసేదీ ఈ తప్పులు పట్టే పద్ధతే. మా అబ్బాయేమో, "ఇది కూడా పోతే ఇంక చాల్లే, టెస్టింగ్ కోర్సు చెయ్యి, మా ఫ్రెండ్ కంపెనీలో ఇరికిస్తా" అన్నాడు. సరేనని తలూపింది. ఊపిందిగానీ ఆ మొహం చూడాలి, ఆముదం తాగించినట్టుంది.

నాకు తిక్క రేగింది. తప్పులు పట్టటమేగా! మన మగపెళ్లివారిని మించి తప్పులు పట్టేవాళ్లు భూమ్మీద ఉన్నారా? కాఫీ చల్లారిందంటారు, విడిదింట్లో బకెట్టుకి చిల్లంటారు, మాకు మర్యాద జరగలేదని మూతి ముడుస్తారు. నా కొడుకు పెళ్లిలో ఆ దర్జా నాకు దక్కలా. మా ఆయన పోయాడని నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. ముందు కూర్చుందీ మా తోటికోడలే, అలిగిందీ మా తోటికోడలే. కాఫీలో పంచదార చాల్లేదని అదెంత యాగీ చేసిందో! నా దాకా అసలు కాఫీయే రాలా.

"అమ్మాయ్, నీ బొమ్మలన్నీ గరాజు తలుపుకి అంటించు" అన్నా.

పార్కులో నాతో నడిచేవాళ్లు ఇద్దరున్నారు, ఒకావిడది కరీంనగరు, ఒకావిడది నెల్లూరు. పట్టుచీరలు కట్టుకురండి, మనం మగపెళ్లివారం అని చెప్పా. ఎందుకని కూడా అడగలా, నగలతో సహా దిగారు. గరాజులో మడతకుర్చీలేసుకుని కాలు మీద కాలేసుక్కూర్చున్నాం. కోడలు కాఫీ తెచ్చింది.

నెల్లూరావిడ ఒక గుక్క తాగి, "ఏందిమే, ఇది కాఫీనా కుడితా?" అంది.

"కాఫీ కాదు వదినా, బొమ్మలు! బొమ్మల్ని తిట్టు!"

"అట్నా?" అని లేచి పెరుగు డబ్బా బొమ్మ దగ్గరికి పోయింది. "ఇంత చోటు తెల్లంగా వదిలేసిందేంది? రంగు అయిపోయిందా?"

"అది వైట్ స్పేస్ ఆంటీ, కావాలనే..."

"నోరు ముయ్యవే" అన్నా నేను. "మగపెళ్లివాళ్లు అరుస్తుంటే ఆడపెళ్లివాళ్లు ఎదురు చెప్తారా? అంతా వినాలి, నవ్వాలి. అందులో ఒకటో రెండో నిజాలుంటయ్. అయ్యి ఏరుకుని జవాబు చెప్పాలి."

కరీంనగరావిడ కాయితానికి ముక్కు ఆనించి చూసింది. "గీ ఆవుకు పొదుగేది బిడ్డా? పొదుగు లేంది పాలేడికెల్లి వస్తయ్?"

"ఆ మూతి చూడు, అచ్చం మా ఆడబిడ్డే" అంది నెల్లూరావిడ.

"గిది మామిడిపండుదంట, గిది ఉత్త పెరుగంట. రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్. అద్దాలు మర్శిపోయి దుకానంకు పోతే నేనేం గావాలె?"

అప్పుడు లేచా నేను. కొంగు భుజమ్మీదికి విసిరి, "ఏంటీ అక్షరాలు? తిండి లేనట్టు ఇంత సన్నంగానా? మా హోదా ఏంటి, మా వంశమేంటి! లావు అక్షరాలు పెట్టకపోతే పిల్లోణ్ణి పీటల మీంచి లేపుకుపోతాం!" అని గరాజు అదిరేట్టు అరిచా. నా గొంతు అసలే రంపం. కరీంనగరావిడ నవ్వీ నవ్వీ కుర్చీతో సహా వెనక్కి పడింది. మా కోడలు ఏడుస్తదేమో అనుకున్నా. తర్వాత అది కూడా పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది.

లేచాక కళ్లు తుడుచుకుని, "మామిడి డబ్బాకి పచ్చటి మూత పెడతా ఆంటీ. ఆవుకి పొదుగు మాత్రం పెట్టను" అంది.

"అట్టా చెప్పు!" అన్నా.

ఆ వారమంతా మధ్యాహ్నాలు మాకదే పని. నెల్లూరావిడ రావటం రావటమే తిట్టుకుంటా గుమ్మం ఎక్కేది.

స్టూడియో వాళ్లు చూసే రోజొచ్చింది. కంప్యూటర్లోనే చూస్తారంట. కెమెరాకి కనపడకుండా పక్కన మంచం మీద కూర్చున్నా. తెరమీద నెరిసిన క్రాపుతో ఒకామె, గడ్డమాయన ఒకడు. కోడలు బొమ్మలు ఒక్కోటీ చూపించింది. "లవ్లీ, లవ్లీ" అన్నారు. ఇంకేం, పోయిందనుకున్నా. ఈ దేశంలో లవ్లీ అంటే మన 'చూద్దాంలే' లాంటిదే. బస్సు డ్రైవరూ అంటాడు, రక్తం తీసే పిల్లా అంటది.

మా కోడలు ఏదో అడిగింది. ఆ క్రాపామె ఒక్క క్షణం ఆగి, కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇంక మొదలెట్టింది చూడు! గడ్డమాయన కూడా అందుకున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అయ్యి తప్పులేనని తెలుస్తానే ఉంది. మా కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని, తలూపుకుంటా వింది. అంతా అయ్యాక ఒక కాయితం లాక్కుని, అప్పటికప్పుడు పెన్సిల్తో ఏదో గీసి తెరకి చూపించింది. ఇద్దరూ గట్టిగా నవ్వారు.

తెర ఆరిపోయింది.

"ఏమైందే? ఏం అడిగావే వాళ్లని?"

"లవ్లీ సరే, ఏం బాగాలేదో చెప్పండి అన్నా అత్తయ్యా."

"ఏమన్నారే?"

"నా అంతట నేను అడిగి మరీ తిట్టించుకున్నానంట, అదే వాళ్లకి నచ్చిందంట. సోమవారం నుంచి రమ్మన్నారు."

నేను మంచం మీద నిలబడి కేకేశా. ఇద్దరం చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాం. చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగాం. ఎదురింటి తెల్లావిడ మొక్కలకి నీళ్లు పెడతా ఉంది. ఏం తెలుసో ఏమో, పైపు వదిలేసి తనూ వచ్చి చెయ్యి కలిపింది. అప్పుడే మా అబ్బాయి కారు దిగాడు.

"ఏమైంది? అమ్మా, ఏమైంది?"

ఇద్దరం ఒక్కసారే నోరు తెరిచాం. నవ్వు తప్ప మాట రాలా.