ఆమె దిద్దుబాటు కింద నా పేరు

నాకు అసూయ లేదని చాలాకాలం అనుకున్నాను. నందికొట్కూరు నుంచి ఆమె వచ్చి కడపలో మా ఆఫీసులో చేరేదాకా దాని అవసరం పడలేదు, అంతే. బండలు కోసే మిషన్లకు కంప్యూటర్లు అమర్చే చిన్న కంపెనీ మాది. రంపం కదలికలను కొలిచే కార్డును కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటాం. అది ఆపరేటింగ్ సిస్టమ్ అడుగుపొరలో, కెర్నెల్‌లో ఉంటుంది. అక్కడ తప్పు జరిగితే కంప్యూటర్ మొత్తం ఆగిపోతుంది. మా డ్రైవర్ రాసింది నేనే.

కమలాపురం దారిలోని ఒక ఫ్యాక్టరీలో మూడు రోజులకొకసారి కంప్యూటర్ బిగుసుకుపోయేది. మెమరీ తరిగిపోతోంది, ఎటు పోతోందో తెలియదు. నెల రోజులు ఏసీ గదిలో కూర్చుని వెతికాను. ఆమె ఫ్యాక్టరీకే పోయి, రెండు రోజులు బండల దుమ్ములో కూర్చుని వచ్చింది. పెద్ద రంపం మొదలుపెట్టినప్పుడల్లా ఓల్టేజీ పడిపోయి కార్డు ఆగి మళ్ళీ లేస్తోందట. లేచిన ప్రతిసారీ నా డ్రైవర్ కొత్తగా మెమరీ తీసుకుంటోంది, పాతది తిరిగి ఇవ్వడం లేదు. మా ఆఫీసులో కరెంటు నిలకడగా ఉంటుంది గనక నాకు కనబడలేదు.

"నెల నుంచి చూస్తాండావు గదప్పా, ఆయమ్మ రెండు దినాల్లో పట్టేసింది చూడు," అన్నాడు మేనేజరు, అందరి ముందర. నవ్వాను గానీ ఒళ్ళు భగ్గుమంది. ఆమె పంచిన మైసూరుపాకులో చక్కెర ఎక్కువైందని కూడా అన్నాను.

ఒకరు దిద్దింది ఇంకొకరు చదివి, సరిగ్గా ఉందని కింద పేరు పెడితేనే మా దగ్గర ఏదైనా ఫ్యాక్టరీకి పోతుంది. ఆమె దిద్దిన డ్రైవర్ నా దగ్గరికే వచ్చింది. తప్పు దొరకాలనే చదివాను, దొరికింది. ముందు కార్డును ఆపి, తర్వాత మెమరీ వదిలెయ్యాలి. ఆమె ముందే మెమరీ వదిలేసింది. ఆ సందులో కార్డు కొలతలు పంపిందంటే అవి తనది కాని చోట పడతాయి, కంప్యూటర్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. లేచి ఆమె సీటు దగ్గరికి పోయి చెబితే అయిపోయేది. "సరిగ్గా ఉంది" అని రాసి పేరు పెట్టాను.

"నువ్వు చూసినావు గదన్నా, ఇంగ నాకు భయం లేదు," అంది ఆమె.

నాలుగో రోజు కోత మధ్యలో కంప్యూటర్ ఆగి, పెద్ద బండ ఒకటి పాడైంది. ఆమెను ఇంక పంపొద్దన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. మేనేజరు చీవాట్లు పెడుతుంటే తప్పు తనదేనంది. కింద నా పేరు ఉందని ఎవరికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. ప్రోగ్రాములో కార్డును ఆపే కింది వరుసను పైకి మార్చాను, మిషన్ నడిచింది. మేనేజరు నా భుజం తట్టాడు. నేను కోరుకున్నది అదే.

సాయంత్రం ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. మొహంలో కోపమన్నదే లేదు.

"అంత తొందరగా యట్ల కనుక్కున్నావన్నా? యాడ చూడల్లో నాకూ నేర్పించు."

మొదటి వరుస నుంచి చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్పిందంతా ఆమె నమ్మి రాసుకుంది.